పాత మియాటాకు వెనుక చక్రాల అలైన్‌మెంట్: నేను వెళ్ళిన వర్క్‌షాపుపై సమీక్ష

నా దగ్గర 1995 మోడల్ మాజ్డా ఎంఎక్స్-5 మియాటా ఉంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి ప్రదర్శించి, 1997 వరకు హిరోషిమాలో 4 లక్షలకు పైగా తయారుచేసిన తొలి తరం బండి అది. రెండే సీట్లు, మడిచి వెనక్కి వేసుకునే గుడ్డ టాపు, బటన్ నొక్కితే లేచి నిలబడే హెడ్‌లైట్లు, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, వెనుక చక్రాలకు మాత్రమే అందే ఇంజను శక్తి. టన్ను బరువుకు కాస్త అటూఇటూగా ఉండే ఈ చిన్న బండిని ఇష్టపడేవాళ్ళంతా చెప్పే మాట ఒకటే: స్టీరింగ్ రెండు వేళ్ళతో కదిపినా మాట వింటుందని. నా బండి రెండేళ్ళ పాటు సగం మాటే విన్నది. కుడి మలుపుల్లో ఒకలాగా, ఎడమ మలుపుల్లో ఇంకొకలాగా నడిచేది. ఆ లోపాన్ని సరిచేసిన వర్క్‌షాపు గురించి, అక్కడ జరిగిన పని గురించి, అక్కడ నాకు నచ్చని విషయాల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను.

వర్క్‌షాపు న్యూజెర్సీలో ఎడిసన్‌కు అరగంట దూరంలో ఉంది. రెండు లిఫ్టులు, ఒక అలైన్‌మెంట్ ర్యాంపు, యజమాని, ఆయనకు సాయంగా ఒక కుర్రవాడు. అంతకుమించి అక్కడేమీ లేదు. యజమానికి డెబ్బయ్యేళ్ళు దాటాయి. ఉన్న పనే చేతినిండా ఉందని, పేరూ చిరునామా రాయవద్దని ఆయన కోరారు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. అయితే అక్కడ ఏం చేశారో వివరంగా రాస్తే, మీరుండే ఊళ్ళో అలాంటి పనివాణ్ణి గుర్తుపట్టడానికి ఉపయోగపడుతుందని నా నమ్మకం.

మొదట బండి ఎలా ఉండేదో చెప్పాలి. తిన్నటి రోడ్డు మీద వెళుతున్నప్పుడు స్టీరింగ్ కొద్దిగా కుడికి తిరిగి ఉండేది. కుడి మలుపుల్లో అంతా సవ్యంగా ఉండేది. ఎడమ మలుపులోకి కాస్త వేగంగా ప్రవేశించి, మధ్యలో యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీస్తే, వెనుక భాగం ఒక్క క్షణం బయటికి అడుగు వేసినట్టు జరిగేది. వాన పడుతున్నప్పుడు ఆ క్షణం ఇంకాస్త పొడుగయ్యేది. కొన్న కొత్తలో, తేలికైన బండి కదా, వెనుక చక్రాలతో నడిచేది కదా, దీని తీరే ఇంతేమో అనుకున్నాను. పెన్సిల్వేనియాలో ఉన్న మిత్రుడి 1996 బండిని ఒక ఆదివారం నడిపిన తరువాత గానీ నా దాంట్లో లోపం ఉందని నాకు తెలియలేదు. ఆయన బండి రెండు వైపులా ఒకేలా తిరిగింది. ఇంటికి వచ్చి టైర్లు చూస్తే, ఎడమ వెనుక టైరు లోపలి అంచు బయటి అంచు కంటే 2 మిల్లీమీటర్లు ఎక్కువ అరిగి ఉంది.

అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, అనగానే మనలో చాలామందికి ముందు చక్రాలే గుర్తుకు వస్తాయి. అందుకు కారణం ఉంది. మన ఊళ్ళలో చూస్తూ పెరిగిన బండ్లలో అంబాసిడర్‌కు వెనుక పట్టీ స్ప్రింగుల మీద కూర్చున్న గట్టి యాక్సిల్. తరువాత వచ్చిన స్విఫ్ట్ లాంటి చిన్న కార్లకు వెనుక టార్షన్ బీమ్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం. వాటిలో వెనుక చక్రాల కోణం మార్చడానికి బోల్టులే ఉండవు. వంగితే భాగం మార్చవలసిందే. కాబట్టి హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా టైర్ల దుకాణంలో అలైన్‌మెంట్ అంటే స్టీరింగ్‌ను ముందు చక్రాలకు కలిపే టై రాడ్లు తిప్పడమే. మియాటాలో సంగతి వేరు. ప్రతి వెనుక చక్రానికీ, దాన్ని బండి చట్రానికి కలిపే కింది ఆర్మ్ లోపలి చివర రెండు క్యామ్ బోల్టులు ఉంటాయి. బోల్టు తల దగ్గర గుండ్రటి పళ్ళెం ఉంటుంది. దాని మధ్యబిందువు ఒక పక్కకు జరిగి ఉండటం వల్ల, బోల్టును తిప్పినప్పుడు ఆర్మ్ లోపలికో బయటికో జరుగుతుంది. రెండు బోల్టులనూ కలిపి ఒకే దిశలో జరిపితే క్యాంబర్ మారుతుంది, అంటే చక్రం నిలువుగా ఎంత వాలి ఉన్నదన్నది; ఒకదాన్ని లోపలికి, ఇంకొకదాన్ని బయటికి జరిపితే టో మారుతుంది, అంటే పైనుంచి చూసినప్పుడు చక్రం ఎటు చూస్తున్నదన్నది. రెండు వైపులా కలిపి వెనుక నాలుగు బోల్టులు. ఇరవై, ముప్పయ్యేళ్ళు వాన, బురద, మంచు మీద చల్లిన ఉప్పు తగిలిన తరువాత, ఈ బోల్టులు, ఆర్మ్ చివర ఉండే బుష్ (రబ్బరు తొడుగు) మధ్యలోని ఇనుప గొట్టానికి తుప్పుతో పట్టేస్తాయి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల పాత మియాటాల్లో ఇది మామూలుగా వచ్చే జబ్బు.

ఇది తెలియక ముందు నేను మొదట వెళ్ళింది ఇంటికి దగ్గరలోని ఒక పెద్ద టైర్ల దుకాణానికి. నాలుగు చక్రాల అలైన్‌మెంట్ అని చెప్పి 130 డాలర్లు తీసుకున్నారు. గంటలో పని అయిపోయింది, స్టీరింగ్ తిన్నగా నిలబడింది, రంగుల కాగితం ఒకటి చేతికి ఇచ్చారు. ఆ రోజంతా సంతోషంగానే ఉన్నాను. మరునాడు ఎడమ మలుపులో బండి మళ్ళీ అదే అడుగు వేసింది. రాత్రి భోజనాల బల్ల మీద ఆ కాగితం పరుచుకుని తీరిగ్గా చూశాను. వెనుక ఎడమ చక్రం టో ప్లస్ 0.35 డిగ్రీలు, వెనుక కుడి చక్రం టో మైనస్ 0.15 డిగ్రీలు. క్యాంబర్ ఎడమవైపు మైనస్ 2.1, కుడివైపు మైనస్ 1.2. పనికి ముందు గడిలోనూ, పని తరువాత గడిలోనూ ఆఖరి అంకె దాకా అవే విలువలు. అంటే వెనుక బోల్టుల మీద ఎవరూ పానా పెట్టలేదు. దుకాణానికి ఫోన్ చేస్తే, వెనుక మొత్తం టో ఆకుపచ్చ గడిలోనే, అంటే పరిమితిలోనే, ఉంది కదా అన్నారు. నిజమే, 0.35 లోంచి 0.15 తీసేస్తే 0.20 వస్తుంది, ఆ మొత్తానికి ఆకుపచ్చ రంగే పడింది.

ఆ ఆకుపచ్చ గడి ఎలా మోసం చేస్తుందో కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే పాత బండ్ల యజమానులు చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. ఎడమ చక్రానికి ప్లస్ టో అంటే అది బండి మధ్యకు, అంటే కుడివైపుకు చూస్తున్నది. కుడి చక్రానికి మైనస్ టో అంటే అది బండికి బయటికి, అంటే అదీ కుడివైపుకే చూస్తున్నది. రెండూ కలిసి ఒకే పక్కకు చూస్తున్నా, కూడిక మాత్రం సవ్యంగా కనిపిస్తుంది. రెండింటి తేడాలో సగం, అంటే 0.25 డిగ్రీలు, వెనుక యాక్సిల్ బండిని తోసే దిశకూ బండి మధ్యరేఖకూ ఉన్న కోణం; దాన్నే థ్రస్ట్ యాంగిల్ అంటారు. బండి వెళ్ళే దారిని నిర్ణయించేది వెనుక చక్రాలు. ముందు చక్రాలు ఎటు తిరిగినా, తిన్నగా పోవాలంటే చివరికి వెనుక చక్రాల దిశకు సమాంతరంగా నిలబడవలసిందే. అందుకే నా స్టీరింగ్ కుడికి తిరిగి ఉండేది. టైర్ల దుకాణంలో చేసింది ఏమిటంటే, ఆ వంకర దిశనే ప్రమాణంగా తీసుకుని, ముందు టై రాడ్లను దానికి సరిపెట్టి, స్టీరింగ్‌ను మధ్యలో నిలబెట్టడం. ఈ బండి వీల్‌బేస్, అంటే ముందు వెనుక చక్రాల మధ్య దూరం, 2,265 మిల్లీమీటర్లు; 0.25 డిగ్రీల లెక్కన వెనుక చక్రాల దారి ముందు చక్రాల దారి నుంచి సుమారు 10 మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. ఎండ్రకాయలా అంత కొంచెం పక్కవాటుగా నడుస్తున్న బండి, స్టీరింగ్ మాత్రం తిన్నగా పెట్టుకుని, నాకు తిరిగి అందింది.

ఇంతకీ ఆ 0.25 డిగ్రీల వంకర ఒక్కటే బండిని అలా జంకించదు. రెండు వెనుక చక్రాలూ ఒకదానికొకటి సరిగానే ఉన్నాయి. బండి మొత్తం కాస్త ఓరగా పోతుంది, అంతే. ఎడమ మలుపులోనే ఎందుకు బెదురుతోందన్న ప్రశ్నకు ఆ కాగితంలో జవాబు లేదు. దాన్ని కనిపెట్టినందుకే ఈ రెండో వర్క్‌షాపుకు నేను మంచి మార్కులు వేస్తున్నాను.

అక్కడికి ఫోన్ చేసినప్పుడు పెద్దాయన వేసిన మొదటి ప్రశ్న: "వెనుక బోల్టులు తిరుగుతాయో లేదో ఎవరైనా చూశారా?" ధర ఆ తరువాత చెప్పారు. వారం ముందు నుంచి రోజూ సాయంత్రం నాలుగు క్యామ్ బోల్టుల మీద పెనెట్రేటింగ్ ఆయిల్ చల్లమని, పెట్రోలు సగం ట్యాంకు ఉంచుకుని రమ్మని, డిక్కీలోని సామాను తీసేసి స్టెప్నీ మాత్రం దాని చోట ఉంచమని చెప్పారు. ఇంత వివరంగా అడిగిన చోటు నాకు ఇదే మొదటిది.

బండిని ర్యాంపు ఎక్కించే ముందు ఆయన అరగంట సేపు చూపుతోనూ చేత్తోనూ పరీక్షించారు. నాలుగు టైర్లలో గాలి 26 పీఎస్‌ఐకి సరిచేశారు. డోరు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకె అదే. ప్రతి చక్రం మధ్యబిందువు నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి, సుద్దతో నేల మీదే రాసుకున్నారు. ఒక మూల స్ప్రింగు కుంగి ఉంటే ఆ మూల క్యాంబర్, టో రెండూ మారిపోతాయి కాబట్టి, ఎత్తు తేలకుండా కోణాలు తిప్పడం వృథా అని ఆయన అభిప్రాయం. నా బండిలో ఎడమకూ కుడికీ తేడా 3 మిల్లీమీటర్లే. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి బేరింగుల్లో వదులు లేదని నిర్ధారించుకున్నారు. తరువాత ర్యాంపు ఎక్కించి, చక్రాలకు టార్గెట్లు (కెమెరా చూసి కొలిచే పలకలు) బిగించి, బండిని కొద్దిగా వెనక్కి దొర్లించి ముందుకు తెచ్చి, రీడింగులు తీసుకున్నారు. టైర్ల దుకాణం ఇచ్చిన అంకెలే దాదాపుగా వచ్చాయి. రెండు చోట్లా ఉన్నది ఒకే కంపెనీ కెమెరా యంత్రం.

తరువాత ఆయన చేసిన పని నేను మరిచిపోలేను. ఒక పొడవాటి ఇనుప బార్ తీసుకుని, కుడి వెనుక కింది ఆర్మ్‌కు లోపలి చివర ఉన్న రెండు బుష్‌లలో వెనుక దాని దగ్గర ఆనించి, స్క్రీను వైపు చూడమని నన్ను పిలిచారు. బార్ మీద మోచేతి బరువు వేశారు. కుడి చక్రం టో మైనస్ 0.15 నుంచి మైనస్ 0.40 దాకా పోయింది. బార్ వదలగానే మళ్ళీ మైనస్ 0.15 దగ్గరికి వచ్చి ఆగింది. ఎడమవైపు అదే బార్‌తో అంతే బరువు వేస్తే అంకె 0.03 కంటే ఎక్కువ కదలలేదు. ఎడమ మలుపులో బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది, రోడ్డు ఆ చక్రాన్ని లోపలికి నెడుతుంది, వెనుక బుష్ ఆ బలానికి ఆగలేక లోపలికి జరుగుతుంది, దానితో చక్రం బయటికి చూస్తుంది, వెనుక భాగం అడుగు తప్పుతుంది. రెండేళ్ళుగా నన్ను వేధించిన ప్రశ్నకు జవాబు పది సెకన్లలో స్క్రీను మీద కనిపించింది. నిలబడి ఉన్న బండికి మాత్రమే కొలత తీసిన కాగితం ఈ సంగతి ఎప్పటికీ చెప్పలేదు.

కారణం బోల్టు విప్పబోయినప్పుడు తేలింది. నాలుగింటిలో మూడు బోల్టులు ఆయిల్ దయ వల్ల మూలిగి మూలిగి తిరిగాయి. నాలుగోది, ఆ చెడిన బుష్‌లోనిదే, నట్టు వదులు చేసి తలకు పానా వేస్తే, క్యామ్ పళ్ళెం మీది గీత ఒక గీటు దాకా జరిగి, పానా వదలగానే రబ్బరు పట్టీలా వెనక్కి వచ్చేసింది. బోల్టు గొట్టానికి పట్టేసి ఉండటంతో, బోల్టు తిప్పితే గొట్టం, గొట్టంతో పాటు దానికి అతికిన రబ్బరు తిరుగుతున్నాయి. టార్చి వేసి చూస్తే గొట్టం చుట్టూ రబ్బరు సగానికి పైగా ఊడిపోయి ఉంది. నా ముందు యజమాని కాలంలో ఎవరో ఈ బోల్టును బలవంతంగా తిప్పి రబ్బరును చింపి ఉంటారని, కుడివైపు ఎంతకీ కుదరక ఎడమ చక్రాన్ని అవసరానికి మించి లోపలికి తిప్పి మొత్తాన్ని ఆకుపచ్చ గడిలోకి తెచ్చి ఉంటారని పెద్దాయన అంచనా వేశారు. ఎడమవైపు బోల్టుల తలల మీద కొత్తగా పడిన పానా గాట్లు, కుడి వెనుక బోల్టు తల అరిగి గుండ్రమైన అంచులు ఆ అంచనాకు సరిపోయాయి. లోపాన్ని సరిచేయకుండా అంకెను సరిచేయడం ఎంత హాని చేస్తుందో అప్పుడు అర్థమైంది, నాకు నిజంగా బాధ వేసింది.

వేడి చేసి బోల్టు ఊడదీయవచ్చు కదా అని అడిగాను. మియాటాలో పెట్రోలు ట్యాంకు సీట్ల వెనుక, ఆ ప్రాంతానికి దగ్గరలోనే ఉంటుంది. పైగా మంట తగిలిన రబ్బరు ఎలాగూ పోతుంది. ఈ బండిలో అక్కడ మంట పెట్టనని ఆయన ఖచ్చితంగా చెప్పారు. ఎంచుకున్న దారి కోత. బుష్‌కూ బ్రాకెట్‌కూ మధ్య కరెంటు రంపం బ్లేడు పట్టేంత సందు ఉంటుంది. రెండు పక్కలా రెండు కోతలు, బ్రాకెట్ అంచు మీద గీత కూడా పడకుండా, నీళ్ళు చల్లుతూ నలభై నిమిషాలు కోశారు. ఇక్కడ ఇంకో మంచి నిర్ణయం తీసుకున్నారు. ఆర్మ్ బయటి చివర, చక్రాన్ని మోసే నకిల్ అనే భాగం గుండా అడ్డంగా ఒక పొడవాటి బోల్టు ఉంటుంది. పాత మియాటాల్లో అన్నిటికంటే మొండిగా పట్టేసేది అదే. దాని జోలికి పోతే పని రెండింతలవుతుందని, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు, స్టెబిలైజర్ లింకు విప్పి, ఆర్మ్‌ను ఆ పొడవాటి బోల్టు మీదే కిందికి వాల్చి, బుష్‌లను అక్కడికక్కడే ప్రెస్ చేసి బయటికి తీశారు. పాత బుష్ బయటికి వచ్చినప్పుడు చేతిలోకి తీసుకుని చూశాను. గొట్టం ఒక చేతిలోకి, రబ్బరు ముక్కలు ఇంకో చేతిలోకి వచ్చాయి.

కొత్తవి ఏవి వేయాలన్న చర్చ కాసేపు నడిచింది. నేను పాలీయూరిథేన్ బుష్‌ల గురించి చదివి ఉన్నాను, గట్టిగా ఉంటాయి కదా అని అడిగాను. ట్రాక్ మీద పరుగెత్తించే బండికైతే వేస్తానని, రోజువారీ రోడ్డు మీద అవి కుదుపును లోపలికి తెస్తాయని, గ్రీజు ఎండితే కీచుమంటాయని, రబ్బరువే వేసుకోమని ఆయన సలహా ఇచ్చారు. ఒక వైపు కొత్త రబ్బరు, ఇంకో వైపు ముప్పయ్యేళ్ళ పాత రబ్బరు ఉంటే బండి మళ్ళీ రెండు తీరులుగా నడుస్తుంది కాబట్టి, కింది ఆర్మ్‌ల లోపలి బుష్‌లు నాలుగూ, క్యామ్ బోల్టులు నాలుగూ మార్పించాను. బిగించే ముందు ఆయన ప్రతి బోల్టు నున్నటి భాగానికి మాత్రమే, తుప్పుతో పట్టేయకుండా ఆపే యాంటీ-సీజ్ పేస్టు పూశారు. మరలకు తగలకుండా గుడ్డతో తుడిచారు, మరలు జారుడుగా ఉంటే అదే టార్కుకు, అంటే పానాతో తిప్పే అదే బలానికి, బోల్టు ఎక్కువ బిగుస్తుందని. ఈ చిన్న జాగ్రత్తే ఇరవై ఏళ్ళ క్రితం ఎవరైనా తీసుకుని ఉంటే నా బండికి రంపం అవసరమయ్యేది కాదు.

చివరి బిగింపు చక్రాలు గాలిలో ఉన్నప్పుడు చేయకూడదు. రబ్బరు బుష్ తిరిగే బేరింగు కాదు. గొట్టానికి అతికి ఉండి మెలితిరుగుతూ పనిచేస్తుంది. లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీదకు దిగిన క్షణం నుంచి రబ్బరు మెలిపడే ఉంటుంది, త్వరగా చినిగిపోతుంది, ఎత్తు కూడా తేడా వస్తుంది. ఆయన బండిని ర్యాంపు మీద నాలుగు చక్రాల మీదా నిలబెట్టి, నా బరువు అడిగి, 75 కిలోల ఇసుక సంచులు డ్రైవరు సీట్లో పెట్టి, ముందూ వెనుకా రెండు మూడుసార్లు నొక్కి వదిలి, సస్పెన్షన్ కుదురుకున్నాకే తిప్పడం మొదలుపెట్టారు. ముందు వెనుక క్యాంబర్, తరువాత వెనుక టో, ఆ తరువాతే ముందు చక్రాలు. ఒక క్యామ్ తిప్పితే క్యాంబర్, టో రెండూ కదులుతాయి కాబట్టి, రెండు బోల్టుల మధ్య పానా మార్చుకుంటూ అంకెను కొంచెం కొంచెంగా దగ్గరికి తేవడానికి ఓపిక కావాలి. నట్టు చివరిసారి బిగించేటప్పుడు కూడా అంకె కదులుతుంది. ఎంత కదులుతుందో ముందే ఊహించి అంత తక్కువలో ఆపడం ఆయన చేతికి అలవాటైన విద్య.

తుది అంకెలు ఇవి: వెనుక క్యాంబర్ రెండు వైపులా మైనస్ 1.5 డిగ్రీలు, టో రెండు వైపులా ప్లస్ 0.10, థ్రస్ట్ యాంగిల్ 0.00. వెనుక మొత్తం టో 0.20. టైర్ల దుకాణం కాగితంలో ఉన్న మొత్తమూ 0.20 అన్నది గమనించండి. ముందు క్యాంబర్ మైనస్ 1.0, ముందు టో దాదాపు సున్నా. ఈ బండి అసలు టైరు సైజు 185/60ఆర్14. ఆ వ్యాసానికి 0.10 డిగ్రీలు అంటే టైరు ముందు అంచుకూ వెనుక అంచుకూ మధ్య సుమారు 1 మిల్లీమీటరు తేడా. ఇంట్లో దారం కట్టి కొలుచుకునే మిత్రులకు ఈ లెక్క ఉపయోగపడుతుంది. అయితే ఈ బండి వెనుక ట్రాక్, అంటే ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, ముందుదాని కంటే కొంచెం ఎక్కువని గుర్తుంచుకుని దారాన్ని బండి మధ్యరేఖకు సమాంతరంగా కట్టాలి, టైర్లకు ఆనించి కట్టకూడదు.

మొదటి ప్రయాణం వర్క్‌షాపు నుంచి ఇంటికి. దారిలో ఎడమకు తిరుగుతూ కిందికి దిగే ఒక ర్యాంపు ఉంది. రెండేళ్ళుగా నేను అక్కడ భుజాలు బిగపట్టి నడిపేవాణ్ణి. ఈసారి అదే వేగంతో ప్రవేశించి, మధ్యలో కావాలనే యాక్సిలరేటర్ వదిలాను. ముక్కు కొద్దిగా లోపలికి తిరిగింది, వెనుక భాగం దాని వెంటే వచ్చింది. అంతే. మరుసటి ఆదివారం వానలో మళ్ళీ అదే చోటికి వెళ్ళి చూశాను; తేడా లేదు. హైవే మీద గాలి కొట్టినప్పుడు కూడా ఇదివరకటి కంటే తక్కువగా ఊగుతోంది. రోడ్డు అతుకుల మీద వెనుక నుంచి వచ్చే చప్పుడు కాస్త మెత్తబడింది. ఇదివరకు కుడి మలుపులో నాకు నచ్చిన ఆ స్థిరత్వమే ఇప్పుడు ఎడమ మలుపులోనూ దొరుకుతోంది.

ఇక నచ్చనివి. మొదటిది, ఖర్చు చెప్పే పద్ధతి. ఫోన్‌లో అలైన్‌మెంట్‌కు 180 డాలర్లు అన్నారు. బోల్టు పట్టేసి ఉంటే కోయవలసి వస్తుందని కూడా ముందే చెప్పారు, కానీ కోస్తే ఎంతవుతుందో చెప్పలేదు. చివరి బిల్లు 1,140 డాలర్లు: అలైన్‌మెంట్‌కు 180, బోల్టులూ బుష్‌లకు 310, మిగిలింది కూలి. చేసిన పనికి ఆ ధర ఎక్కువని నేను అనను. అయితే నాలుగు బోల్టులకు ఇంత, ఒక్కటే పట్టేస్తే ఇంత అని రెండు అంచనాలు ముందే రాసి ఇచ్చి ఉంటే మనసు స్థిమితంగా ఉండేది. రెండోది, మూడు రోజులన్న పని ఆరు రోజులు పట్టింది. బుష్‌లు రావడం ఆలస్యమైంది, ఆ సంగతి నేను ఫోన్ చేస్తే గానీ తెలియలేదు. రోజూ ఇదే బండి మీద ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు అది పెద్ద ఇబ్బంది. మూడోది, బండి ఇచ్చినప్పుడు స్టీరింగ్ ఒక పిసరు ఎడమకు ఉంది. రెండు రోజుల తరువాత తీసుకెళితే, కొత్త బుష్‌లు కుదురుకున్నాక ఇలా కావచ్చని చెప్పి, మళ్ళీ ర్యాంపు ఎక్కించి, వెనుక అంకెలు కదలలేదని నాకు చూపించి, ముందు టై రాడ్లు సరిచేసి పంపారు. ఇరవై నిమిషాల పని, డబ్బు తీసుకోలేదు. కూర్చోవడానికి గది లేదు. కార్డు తీసుకోరు, నగదో చెక్కో ఇవ్వాలి.

పాత ఎంఎక్స్-5 గానీ, వెనుక కోణాలు మార్చడానికి ఇలాంటి బోల్టులున్న మరే పాత స్పోర్ట్స్ కారు గానీ ఉన్న మిత్రులకు, వర్క్‌షాపుకు ఫోన్ చేసినప్పుడు నాలుగు మాటలు అడగమని చెబుతాను. వెనుక బోల్టు తిరగకపోతే ఏం చేస్తారని అడగండి. "యంత్రం ఎంత చూపిస్తే అంత" అన్న జవాబు వస్తే ఇంకో చోటికి వెళ్ళండి. ప్రతి చక్రం టో విడివిడిగా, థ్రస్ట్ యాంగిల్‌తో సహా, పనికి ముందూ తరువాతా కాగితం మీద ఇస్తారా అని అడగండి. బుష్‌లను బరువు వేసి పరీక్షిస్తారా, చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉండగా చేస్తారా అని అడగండి. కొత్త బండి తీసుకొచ్చి గంటలో వెళ్ళిపోవాలనుకునేవాళ్ళకు నేను వెళ్ళిన చోటు తగినది కాదు. ముప్పయ్యేళ్ళ బండిని ఇంకో పదేళ్ళు ఉంచుకోవాలనుకునేవాళ్ళు ఎంత దూరమైనా అలాంటి చోటికి వెళ్ళాలి.

పని పూర్తయ్యాక పెద్దాయన నాలుగు క్యామ్ పళ్ళేల మీదా, పక్కనే బ్రాకెట్ మీదకు కూడా వచ్చేలా, పసుపు పెయింటుతో ఒక్కొక్క గీత గీశారు. క్యామ్ ఏమాత్రం జరిగినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. ఎనిమిది నెలలు, సుమారు 4,000 మైళ్ళు గడిచాయి. పోయిన వారం ఆయిల్ మార్చేటప్పుడు బండి కిందికి దూరి టార్చి వేసి చూశాను. నాలుగు గీతలూ గీసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఎడమ వెనుక టైరు లోపలి అంచు, బయటి అంచు ఇప్పుడు సమానంగా అరుగుతున్నాయి. ముందు ఆర్మ్‌ల బుష్‌లకు కూడా అదే వయసు కాబట్టి, వాటికోసం వచ్చే వసంతానికి ఆయన దగ్గర తేదీ తీసుకున్నాను. ఈసారి రెండు అంచనాలూ కాగితం మీద రాయించుకున్నాను.